క్లీనింగ్ చేయిస్తే పళ్ల సందులు పెరుగుతాయా? అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో పళ్ల డాక్టర్‌గా నేను రోజూ వినే మాటలివి.

అపోహ: క్లీనింగ్ చేయిస్తే పళ్ల మధ్య సందులు పడతాయి.

వాస్తవం: కొత్తగా ఏ సందూ పడదు. ఉన్నదే బయటపడుతుంది. పక్కపక్క పళ్లు రెండూ ఒక్కచోటే ఆనుకుంటాయి. ఆ చోటు చుట్టూ, కొరికే వైపూ చిగురు వైపూ, పెదవి వైపూ నాలుక వైపూ ముక్కోణపు ఖాళీలు ఉంటాయి. వీటిని ఎంబ్రేజర్లు అంటాం (కోటగోడలో ఫిరంగి గురిపెట్టే కంతలకీ అదే పేరు). చిగురు వైపు ఖాళీని చిగురు మొనే నింపి ఉంచుతుంది. లోపల ఎముక తరిగితే చిగురు వెనక్కి జారుతుంది, ఆ జాగాలో గార పేరుకుంటుంది. కింది ముందుపళ్ల వెనక నాలుకతో తడిమి చూడండి. చాలామందికి పళ్లు విడివిడిగా తగలవు, ఒకటే పలకలా ఉంటుంది. క్లీనింగ్‌లో ఆ గార తీశాక అద్దంలో నల్ల ముక్కోణాలు చూసుకుని, “పళ్లు అరగ్గొట్టేసినారేటి డాక్టరుగారూ?” అంటారు.

పోయిన చిగురు ఏదో పొడి రుద్దితే తిరిగొస్తుందనీ అనుకోకండి. పళ్లు ఆనుకునే చోటు నుంచి ఎముక అంచుకి 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే చిగురు దాదాపు ఎప్పుడూ ఖాళీని నింపుతుందని, 6 అయితే సగం కంటే కాస్త ఎక్కువ చోట్ల, 7 అయితే నాలుగోవంతు చోట్ల మాత్రమేనని 1992లో టార్నో అనే దంతవైద్యుడి బృందం కొలిచి చెప్పింది. అంటే లెక్కంతా ఎముకది.

అపోహ: సందులన్నీ సిమెంటుతో మూసేస్తే ఏదీ ఇరుక్కోదు.

వాస్తవం: నమిలిన ముద్ద పక్కకి జారిపోయేది ఆ ఖాళీల్లోంచే. మూసేస్తే బ్రష్ దూరదు, చిగురు వాస్తుంది. కొత్తగా ఒకేచోట పీచు ఇరుక్కుంటోందంటే అక్కడ పుచ్చో, పాత ఫిల్లింగ్ చెడడమో ఉండొచ్చు, చూపించుకోండి. చీపురుపుల్లలు, పిన్నీసులు మానేయండి. పళ్లు బిగుతుగా ఉంటే ఫ్లాస్ (సందులో లాగే సన్న దారం), సందు తెరుచుకుంటే దానికి సరిపోయే ఇంటర్‌డెంటల్ బ్రష్ (సందులో దూరే చిన్న బ్రష్) వాడండి.

అపోహ: చుట్ట కాలిస్తే చిగుళ్లు గట్టిపడతాయి, రక్తం రాదు.

వాస్తవం: రక్తం తక్కువ రావడం నిజమే. నాకు టెన్షన్ అక్కడే. జబ్బు లోపల సాగుతూనే ఉంటుంది, పైకి మాత్రం తెలియనివ్వదు. ఇక నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మన తీరప్రాంతం పెద్దమ్మలు సందుల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు అంగిలి చూపించుకోవాలి. అక్కడ తెల్లమచ్చో, మానని పుండో ఉంటే ఆలస్యం చేయొద్దు.