కోకాపేట: గజం లెక్కలో మారిపోయిన ఊరు

హైదరాబాద్ పడమటి అంచున ఉన్న నార్సింగి మున్సిపాలిటీని 2025 చివర్లో జీహెచ్‌ఎంసీలో కలిపాక, దాని కింద ఉన్న కోకాపేటలో పాత గొడవ మళ్లీ రాజుకుంది. కోట్లు పోసి కొన్నాం, రోడ్లేవి, డ్రైనేజీ ఏది అని కొత్త అపార్ట్‌మెంట్ టవర్లలోకి వచ్చినవాళ్లు అడుగుతున్నారు. ఆ అడగడంలో తప్పేమీ లేదు. పాత ఊరివాళ్ల టెన్షన్ వేరు. ఇంటిపన్ను పెరిగితే ఈ ఊళ్లో ఉండగలమా అన్నది వాళ్ల దిగులు.

ఇదంతా ఎప్పుడు మొదలైందంటే చాలామంది మాదాపూర్ ఐటీ భవనం సైబర్ టవర్స్ దగ్గర ఎత్తుకుంటారు. ఆ కథ అందరికీ తెలిసిందే. నా దృష్టిలో అసలు మలుపు 2006-07 నాటి హుడా (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) భూముల వేలం. ఆ రోజు సర్కారే ఇక్కడ పెద్ద అమ్మకందారుగా నిలబడింది. ఎకరా అత్యధిక ధర 14 కోట్లు దాటింది. తర్వాత మాంద్యం వచ్చింది, పాడుకున్న కంపెనీల్లో కొన్ని మిగతా డబ్బు కట్టకుండా కోర్టుకెక్కాయి. వేలం చిక్కుల్లో పడింది కానీ ధర మాత్రం జనం నోళ్లలో ఉండిపోయింది. ఆ తర్వాత ఈ నేలను పంట లెక్కన చూసినవాళ్లు లేరు.

అంతకు ముందే, 2006 మార్చిలో, 86వ నంబరు జీవో వచ్చి ఉంది. ఇంత స్థలంలో ఇంతే కట్టాలన్న పరిమితిని అది ఎత్తేసింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ సరిపోతే అంతస్తులు పేర్చుకుంటూ పోవచ్చు. ఎకరాకు అన్ని కోట్లు గిట్టుబాటయ్యేది అందుకే. 2008లో ఔటర్ రింగు రోడ్డు గచ్చిబౌలి-శంషాబాద్ ముక్క తెరుచుకోవడంతో ఊరికీ ఎయిర్‌పోర్టుకూ దూరం తగ్గింది.

ఇక కోకాపేటలోనే సర్కారు వేసిన నియోపొలిస్ లేఅవుట్ వేలాలు. ఎకరాకు పలికిన అత్యధిక ధర 2021లో 60 కోట్లు, 2023లో 100 కోట్ల 75 లక్షలు, 2025 నవంబరులో 151 కోట్ల 25 లక్షలు. ఎకరాకు 4,840 గజాలు కదా, హుడా వేలంలో గజం సుమారు 29 వేలు పడితే 2025 వేలంలో 3 లక్షలు దాటింది. అంత ధర పెట్టిన నేల మీద మామూలు జీతగాడి కోసం ఎవరూ ఫ్లాటు కట్టరు. ఐటీలో పెద్ద జీతాలవాళ్లు, వ్యాపారులు, అమెరికా నుంచి డబ్బు పంపేవాళ్లు వచ్చారు. ఎంతమంది వచ్చారో చెప్పే జనాభా లెక్క లేదు. చివరి జనగణన 2011ది, అప్పటికి ఈ టవర్లే లేవు.

పాత ఊళ్లోకి వెళ్తే ఇంకో లెక్క కనిపిస్తుంది. అరవై గజాల్లో ఇల్లు, పైన రేకుల గదులు. గోడ మేకులకు పసుపు హెల్మెట్లు వేలాడుతుంటాయి. టవర్లు కట్టడానికి ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కూలీలు ఆ గదుల్లో ఉంటారు. పొలం ఎప్పుడో అగ్గువకు అమ్ముకున్న ఇంటికి ఇప్పుడు ఆ అద్దే ఆధారం. పని అయిపోయి కూలీలు వెళ్లిపోతే అదీ పోతుంది. గజం 3 లక్షలు పలికే చోట ఆ రేకుల ఇంటికి పన్ను ఏ లెక్కన వేస్తారన్నదే పాత ఊరివాళ్లు ఇప్పుడు అడుగుతున్నది.