ఎదకు రాని ఆవుకి ఏ సూది?

"ఆవు ఈని మూడు నెలలైంది, ఎదకు రావట్లేదు, ఏదైనా సూది వెయ్యండి." పాడి ఉన్న ఊళ్ళలో పశువుల డాక్టర్లు తరచూ వినే మాట ఇది. రైతు టెన్షన్ నిజమైనదే. ఒక్క ఎద తప్పితే 21 రోజులు పోయినట్టే, రెండు తప్పితే నెలన్నర, వచ్చే ఈత అంత వెనక్కి జరుగుతుంది, మేత ఖర్చు మాత్రం ఆగదు. కానీ "ఏదైనా సూది" అంటూ ఒకటి లేదు. బయటికి అన్నీ ఒకేలా కనిపించినా, లోపల అండాశయంలో ఉన్న తేడా ఒక్కో ఆవులో ఒక్కోలా ఉంటుంది, మందు ఆ తేడాని బట్టే మారుతుంది.

మామూలుగా జరిగేది ఇది. మెదడు నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ వస్తుంది, దాని మాట విని మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి ఇంకో హార్మోన్ అయిన ఎల్‌హెచ్‌ని వదులుతుంది, అప్పుడు అండాశయం మీద నీటిబుడగలా పెరిగిన పుటిక పగిలి అండం బయటపడుతుంది. పగిలిన చోట కార్పస్ లూటియం అనే చిన్న గ్రంథి తయారై ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఇస్తుంది. ఆవు చూలు కట్టకపోతే 17వ రోజు ప్రాంతంలో గర్భాశయమే ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనాన్ని వదిలి ఆ గ్రంథిని కరిగించేస్తుంది, మళ్ళీ ఎద వస్తుంది.

ఈనిన తర్వాత చిక్కంతా తిండి దగ్గర మొదలవుతుంది. పాలు నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో గరిష్ఠానికి చేరతాయి, ఆకలి మాత్రం అంత తొందరగా పెరగదు, దాంతో ఆవు తన ఒంట్లో కొవ్వు కరిగించి పాలిస్తుంది. ఎక్కువ పాలిచ్చే సంకరజాతి ఆవుల్లో ఇది మరీ ఎక్కువ. ఒంట్లో శక్తి చాలడం లేదని తెలిసిన మెదడు ఎల్‌హెచ్ తగ్గించేస్తుంది, పుటికలు కొంత పెరిగి ఆగిపోతాయి. పక్కటెముకలు తేలిన ఇలాంటి ఆవుకి ముందు కావలసింది దాణా, ఖనిజ లవణ మిశ్రమం. ఒళ్ళు కాస్త పట్టాక ప్రొజెస్టిరాన్ నింపిన సాధనాన్ని యోనిలో 7 రోజులు ఉంచి తీస్తే ఎదకు వచ్చే అవకాశం బాగుంటుంది.

ఇంకో రకం, సిస్టులు. పగలాల్సిన పుటిక పగలకుండా రెండున్నర సెంటీమీటర్లు దాటి పెరిగి అలాగే కూర్చుంటుంది. కొన్ని ఆవులు మాటిమాటికీ ఎదకు వస్తాయి, చాలావాటికి అసలు రాదు. ఒకప్పుడు వీటిని లోపల చెయ్యి పెట్టి చిదిమేసేవారు. రక్తస్రావం అవుతుంది, అండాశయం చుట్టుపక్కల అతుక్కుపోతుంది, దయచేసి ఎవరినీ అలా చేయనివ్వకండి. జీఎన్‌ఆర్‌హెచ్ సూది ఈ సిస్టుని పగలగొడుతుందనుకుంటారు, అదీ కాదు. సిస్టు గోడ ప్రొజెస్టిరాన్ ఇచ్చేలా మారుతుంది, లేదా పక్కనున్న ఇంకో పుటిక పగులుతుంది. ఆ ప్రొజెస్టిరాన్‌తో మెదడు మళ్ళీ దారిలో పడుతుంది, 7 రోజులకి ప్రోస్టాగ్లాండిన్ ఇస్తే ఎద వస్తుంది. ఈనిన నెల, నెలన్నర లోపు వచ్చిన సిస్టులు చాలావరకు వాటంతటవే పోతాయి కాబట్టి తొందర అక్కర్లేదు.

గర్భాశయంలో చీము చేరిన ఆవు సంగతి వేరు. అక్కడ కార్పస్ లూటియం కరగదు, ప్రోస్టాగ్లాండిన్ దాన్ని కరిగిస్తే గర్భాశయ ముఖం తెరుచుకుని చీము బయటికొస్తుంది.

మూగ ఎద ఆవుల్లో, అంటే లోపల అంతా సరిగ్గానే జరుగుతున్నా బయటికి లక్షణాలు కనిపించనివాటిలో, అసలు ఎద కోసం కాపు కాయకుండానే గర్భధారణ చేయించే పద్ధతి ఉంది. 1995లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ప్రచురించిన ఓవ్‌సింక్ అది. ఇప్పుడు ఎక్కువగా వాడే లెక్క ఇది: మొదటిరోజు జీఎన్‌ఆర్‌హెచ్, వారం తర్వాత ప్రోస్టాగ్లాండిన్, ఇంకో 56 గంటలకి మళ్ళీ జీఎన్‌ఆర్‌హెచ్, ఆ తర్వాత 16 గంటలకి వీర్యం వేయడం. గంటలు తప్పితే ఫలితం తప్పుతుంది.

అన్నిటికంటే ముందు చూడి పరీక్ష చేయించాలి. కొన్ని చూడి ఆవులు కూడా ఎద లక్షణాలు చూపిస్తాయి, వాటికి ప్రోస్టాగ్లాండిన్ వేస్తే గర్భం పోతుంది. మనుషులకీ ఇదే భయం, ఈ మందు చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది. పాడి పని ఎక్కువగా ఆడవాళ్ళే చేసే మన ఇళ్ళలో గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ సీసాని గానీ సిరంజిని గానీ ముట్టుకోకూడదు. చేతిమీద పడితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి.