మాంట్‌గోమరీషైర్: అపోహలు - వాస్తవాలు

వేల్స్‌కు చెందిన పాత జనన, వివాహ, ఆస్తి రికార్డులకు సూచికలు తయారుచేసే వృత్తిలో ఉన్నందున, 1974లో పోవిస్ అనే కొత్త కౌంటీలో కలిసిపోయి పరిపాలన పటం నుంచి తప్పుకున్న మాంట్‌గోమరీషైర్ కౌంటీ (జిల్లా లాంటి పాలనా ప్రాంతం) గురించి ఈ అపోహలు నాకు తరచూ ఎదురవుతుంటాయి.

అపోహ: రెండో ప్రపంచ యుద్ధ సేనాని మాంట్‌గోమరీ పేరునే ఈ కౌంటీకి పెట్టారు.

వాస్తవం: ఆ సేనాని పుట్టింది 1887లో, అప్పటికే కౌంటీ వయసు మూడున్నర శతాబ్దాలు. 11వ శతాబ్దంలో రోజర్ డి మాంట్‌గోమరీ అనే నార్మన్ ప్రభువు వెల్ష్ సరిహద్దులో కోట కట్టించి, ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఉన్న తన స్వస్థలం పేరును దానికి పెట్టాడు. ఇప్పుడు మాంట్‌గోమరీ ఊరి పైన కొండరాతి మీద కనిపించే శిథిలాలు ఆయన కోటవి కావు. అవి ఇంగ్లండ్ రాజు మూడో హెన్రీ 1223లో మొదలుపెట్టించిన రాతికోటవి. రోజర్ కట్టించింది మట్టిదిబ్బ మీద కొయ్యకోట. హెన్ డోమెన్ అనే చోట ఆ దిబ్బ ఇప్పటికీ ఉంది.

అపోహ: ఆ ఊరికి వెల్ష్ భాషలో ఉన్న ‘ట్రెవాల్డ్విన్’ అనే పేరు, మాంట్‌గోమరీ అనే ఇంగ్లిష్ పేరుకు అనువాదం.

వాస్తవం: దాని అర్థం ‘బాల్డ్విన్ ఊరు’. రోజర్ కుమారుడు 1102లో తిరుగుబాటు చేయడంతో మొదటి హెన్రీ ఆ కుటుంబం భూములను జప్తు చేసి, ఈ కోటను బాల్డ్విన్ డి బౌలర్స్ చేతికి అప్పగించాడు. ఇంగ్లిష్ పేరులో మొదటి యజమాని, వెల్ష్ పేరులో తరువాతివాడు నిలిచిపోయారు. ఇద్దరిలో ఒక్కరూ వెల్ష్ వారు కారు.

అపోహ: మాంట్‌గోమరీషైర్ ప్రాచీనమైనది, పోవిస్ 1974లో పుట్టిన పేరు.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. పోవిస్ నార్మన్లు రాకముందు నుంచీ ఉన్న వెల్ష్ రాజ్యం. కౌంటీ మాత్రం ఎనిమిదో హెన్రీ కాలపు చట్టంతో, సరిహద్దు ప్రభువుల జాగీర్లను కలిపి 1536లో ఏర్పరచినది. 1974లో రాడ్నర్‌షైర్ కౌంటీ, బ్రెక్నాక్‌షైర్ కౌంటీలో అధిక భాగం మాంట్‌గోమరీషైర్‌తో కలిసి కొత్త కౌంటీ ఏర్పడినప్పుడు, దానికి ఆ పాత రాజ్యం పేరే తిరిగివచ్చింది.

అపోహ: 1974తో ఆ పేరు అంతరించింది.

వాస్తవం: 1996 వరకు జిల్లాగా, 2024 వరకు పార్లమెంటు నియోజకవర్గంగా కొనసాగింది. వంశావళి సూచికలలో ‘ఎంజీవై’ సంకేతం నేటికీ దీనిదే. 1850లో అక్కడ పుట్టిన వ్యక్తిని పోవిస్ కింద నమోదు చేయడం నా దృష్టిలో తప్పే.

అపోహ: తెలుగు నేలకూ దీనికీ సంబంధం లేదు.

వాస్తవం: నిజాం 1800లో నేటి రాయలసీమ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్. రాబర్ట్ క్లైవ్ కుమారుడైన ఈయన 1804లో ఎర్ల్ ఆఫ్ పోవిస్ బిరుదు పొందాడు. టిప్పు సుల్తాన్ గుడారం నేటికీ ఈ కౌంటీలోని పోవిస్ కోటలోనే ఉంది. ఈయన పత్రాలను వెతికేవారు ఇంగ్లిష్ స్పెల్లింగును గమనించాలి: చివర ఎస్‌కు ముందు ‘ఐ’ ఉంటే కోట లేదా బిరుదు, ‘వై’ ఉంటే రాజ్యం లేదా నేటి కౌంటీ.