డ్యామ్ దిగువన నది వేళలు

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో ఒకోయి నదిపై 1913లో కట్టిన ఒక చిన్న డ్యామ్, నది నీటిని కొండ అంచున అమర్చిన సుమారు ఏడున్నర కిలోమీటర్ల చెక్క కాలువలోకి మళ్లించి విద్యుత్ కేంద్రానికి చేర్చేది. దాంతో అసలు నదీగర్భం అరవై ఏళ్లకు పైగా బండలు తేలి ఎండిపోయి ఉండేది. 1976లో శిథిలమైన ఆ కాలువను మూసివేయవలసి రావడంతో నీళ్లు మళ్లీ పాత దారి పట్టాయి. ఆ ఉరవడిని చూసి పడవలవాళ్లు వచ్చారు, కొన్నేళ్లలోనే అక్కడ ర్యాఫ్టింగ్, అంటే ఉరవడి నీళ్లలో రబ్బరు పడవల మీద సాగే ప్రయాణం, ఒక వ్యాపారంగా స్థిరపడింది. కాలువ మరమ్మతు జరిగేసరికి ఆ నీళ్లు ఎవరికి చెందాలన్న తగవు తలెత్తింది. ఏడాదిలో 116 రోజులు నదిలోకి నీరు వదిలేలా, కోల్పోయిన కరెంటు విలువను ర్యాఫ్టింగ్ రుసుముల నుంచి రాబట్టుకునేలా 1980లలో ఒప్పందం కుదిరింది.

డ్యామ్ అంటే ర్యాఫ్టింగ్‌కు శత్రువనీ, ర్యాఫ్టింగ్ చేసేవాళ్లంతా నదికి సహజ మిత్రులనీ అనుకోవడం తేలిక. నిజం అంత సూటిగా ఉండదు. డ్యామ్ నదిలో ప్రధానంగా మార్చేది నీటి పరిమాణాన్ని కాదు, నీరు వచ్చే వేళను. ఆ మార్పు పడవకు కలిసొచ్చిన చోట చేపకు కలిసిరాకపోవచ్చు.

జలవిద్యుత్తుకు ఉన్న పెద్ద సౌలభ్యం టర్బైన్లను నిమిషాల్లో నడపగలగడం, ఆపగలగడం. అందువల్ల కరెంటు వాడకం పెరిగే వేళ నీటిని ఎక్కువగా వదిలి, రాత్రివేళ తగ్గిస్తారు. దిగువ నది రోజూ పొంగుతూ, తీస్తూ ఉంటుంది. సహజ నది అయితే మంచు కరిగే కాలంలోనో వర్షాకాలంలోనో ఉప్పొంగి, ఎండాకాలంలో రాళ్ల మధ్య పాయలుగా చిక్కిపోతుంది. పర్యాటకులు వచ్చే రోజుల్లో ముందే తెలిసిన సమయానికి తగినంత నీరు దొరకడం చాలాచోట్ల డ్యామ్ పుణ్యమే. వెస్ట్ వర్జీనియాలోని గాలీ నదిలో శరదృతువులో సమర్స్‌విల్ జలాశయాన్ని ఖాళీ చేసేటప్పుడు వచ్చే ప్రవాహమే ర్యాఫ్టింగ్‌కు ఆధారం. 1986లో దానికి చట్టబద్ధమైన హామీ కూడా లభించింది.

ఇందుకు నది చెల్లించే మూల్యం అమెరికాలోని అరిజోనాలో ఉన్న లోతైన నదీలోయ గ్రాండ్ కేనియన్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. కొలరాడో నదిపై గ్లెన్ కేనియన్ డ్యామ్ 1963లో నీటిని నిలపడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆ నది ఒండ్రుతో ఎర్రగా పారేది, చలికాలంలో దాదాపు గడ్డకట్టేంత చల్లగా, వేసవిలో గోరువెచ్చగా ఉండేది. జలాశయం లోతుల నుంచి టర్బైన్ల గుండా వచ్చే నీరు మాత్రం దశాబ్దాలపాటు ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే చల్లదనంతో, తేటగా వచ్చింది. ఆ చల్లదనంలో హంప్‌బ్యాక్ చబ్ వంటి స్థానిక చేపలు సరిగా గుడ్లు పెట్టలేవు, పిల్లలు ఎదగవు. ఒండ్రు ఆగిపోవడంతో ఒడ్డున ఇసుక తిన్నెలు కరిగిపోసాగాయి. పడవలవాళ్లు రాత్రి బస చేసేదీ, చేపపిల్లలు తలదాచుకునే నిలకడ నీటి మడుగులు ఏర్పడేదీ ఆ తిన్నెల పక్కనే. 1996లో వారం రోజులపాటు 45,000 క్యూసెక్కులు వదిలి కృత్రిమ వరద సృష్టిస్తే తిన్నెలు పెరిగాయి, కానీ నిలవలేదు. ఉపనదులు కొత్త ఇసుకను తెచ్చి పడేసిన వెంటనే వరద వదలాలని తర్వాతి ప్రయోగాలలో తేలింది. ఇక్కడా కీలకం వేళే.

అన్నిటికంటే ఆసక్తికరమైనది పురుగుల కథ. నదిలో పెరిగే అనేక కీటకాలు సంధ్యవేళ నీటి అంచునే గుడ్లు పెడతాయి. ఆ సమయంలో నీటిమట్టం ఎక్కువగా ఉండి, కొన్ని గంటల్లో తగ్గిపోతే గుడ్లు ఒడ్డున ఎండిపోతాయి. కేనియన్‌లో ప్రయాణించే ర్యాఫ్టింగ్ గైడ్లు, యాత్రికులు సాయంత్రాలు దీపపు ఉచ్చులతో పట్టి ఇచ్చిన వేల నమూనాలను శాస్త్రవేత్తలు పరిశీలించారు. డ్యామ్ నుంచి బయల్దేరిన పొంగు ఒక్కోచోటికి ఒక్కో గంటకు చేరుతుంది కదా; సంధ్యవేళకు నీరు తగ్గి ఉండే చోట్ల కీటకాలు ఎక్కువగానూ, పెరిగి ఉండే చోట్ల తక్కువగానూ ఉన్నట్టు 2016లో ప్రచురించారు. మేఫ్లై, స్టోన్‌ఫ్లై వంటివైతే అక్కడ దాదాపు కనిపించవు. కీటకాలు తగ్గితే చేపలకు, వాటిపై బతికే పక్షులకు, గబ్బిలాలకు తిండి తగ్గినట్టే. అందుకే 2018 నుంచి కొన్ని వేసవుల్లో, కరెంటు అవసరం తక్కువగా ఉండే శని, ఆదివారాల్లో నీటిని తగ్గించి, హెచ్చుతగ్గుల్లేకుండా వదిలి చూశారు. ఆ రెండు రోజుల్లో పెట్టిన గుడ్లు ఆ తర్వాత నీరు పెరిగి తగ్గినా మునిగే ఉంటాయి. సెలవురోజుల్లో నిండుగా పారే నదిని కోరుకునే పడవలవాడికి ఇది నచ్చే ఏర్పాటు కాకపోవచ్చు.

ర్యాపిడ్ల, అంటే బండల మీదుగా నది సుడులు తిరుగుతూ ఉరికే చోట్ల, రూపం కూడా మారుతుంది. పక్కలోయల నుంచి కొండవాగులు తెచ్చి పడేసే బండలే గ్రాండ్ కేనియన్‌లో ర్యాపిడ్లకు మూలం. వాటిని సర్దేది పెద్ద వరదలు. 1966లో అలా వచ్చిన రాళ్లతో క్రిస్టల్ ర్యాపిడ్ ఒక్కసారిగా భయంకరంగా మారింది. 1983లో జలాశయం నిండిపోయి 90,000 క్యూసెక్కులకు పైగా వదలవలసి వచ్చినప్పుడు అక్కడ పెద్ద మోటారు పడవలు సైతం తిరగబడ్డాయి, ఆ ప్రవాహమే దారిని కొంత వెడల్పు చేసింది. అంతటి వరదలు ఇప్పుడు అరుదు కనుక కొత్తగా పడే రాళ్లు చాలావరకు అక్కడే ఉండిపోతాయి.

ఇదంతా డ్యామ్ దిగువ సంగతి. ఎగువన అయితే బేరానికే తావు లేదు: చిలీలోని బియోబియో నదిలో, ఉగాండాలో శ్వేత నైలుపై ఉన్న బుజగాలి వద్ద ప్రపంచ ప్రసిద్ధమైన ర్యాపిడ్లు జలాశయాల కింద మునిగిపోయాయి.

డ్యామ్‌ను తొలగించినా లెక్క సూటిగా తేలదు. ఒరెగన్, కాలిఫోర్నియాల మీదుగా పారే క్లామత్ నదిపై నాలుగు జలవిద్యుత్ డ్యాములను 2024 నాటికి పూర్తిగా తొలగించారు. ఆ శరదృతువులోనే చినూక్ సాల్మన్ చేపలు శతాబ్దానికి పైగా చేరలేని ఎగువ జలాల్లోకి తిరిగి వచ్చాయి. అయితే ఎగువ క్లామత్‌లోని హెల్స్ కార్నర్‌లో వేసవి ర్యాఫ్టింగ్ సాగింది టర్బైన్ల కోసం వదిలే నీటితోనే. ఆ విడుదలలు ఆగిపోవడంతో వేసవిలో అక్కడ పడవలు నడిపే ఆధారం పోయింది. ఇంకొంచెం దిగువన, ఇన్నాళ్లూ నీరు మళ్లించడం వల్ల ఎండిపోయి ఉన్న ఒక ఇరుకు లోయలో మాత్రం నది మళ్లీ పారుతోంది, అక్కడ కొత్త ర్యాపిడ్లలో పడవలు నడపడం మొదలైంది.