"బాగ ఏస్తాండాడు గదా సార్, ఎందుకు తీసేస్తిరి?": పిచర్‌ను మార్చడంపై అపోహలు - వాస్తవాలు

అనంతపురం చుట్టుపక్కల స్కూలు పిల్లలకు బేస్‌బాల్ నేర్పిస్తుంటాను. ఏ టోర్నమెంటుకు పోయినా పిచర్‌ను (బంతి విసిరేవాణ్ని) మార్చగానే గ్రౌండ్ అంచున నిలబడ్డ తండ్రులు అడిగేది పైన రాసిన ప్రశ్నే. తప్పు వాళ్లది కాదు, అందరం క్రికెట్ చూసి పెరిగినవాళ్లమే. అక్కడ బౌలర్‌ను పక్కన పెట్టినా నాలుగు ఓవర్లాగి మళ్లీ తెస్తారు. బేస్‌బాల్ అసలు నిబంధనల్లో ఆటలోంచి బయటికొచ్చిన ఆటగాడు ఆ మ్యాచ్‌లో మళ్లీ దిగడానికి లేదు. అందుకే చూసేవాళ్లకు అదేదో శిక్షలా కనిపిస్తుంది.

అపోహ: పరుగులు ఇస్తేనే తీయాలి. నొప్పి అంటేనే ఆపాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. పిల్లలు నొప్పి అని చెప్పరు. చెప్తే సెలక్షన్ పోతుందని భయం. ఒకసారి వేరే టీములోంచి మా దగ్గరికి పదిహేనేళ్ల పిల్లోడొచ్చాడు. అక్కడ పొద్దున ఒక మ్యాచ్, మధ్యాహ్నం ఇంకో మ్యాచ్, రెండిట్లోనూ వాడితోనే వేయించారు. నేను అడిగితే "ఏం లేదు సార్" అన్నాడు. సాయంత్రం బస్సులో చూస్తే క్యారియర్ మూత ఎడమచేత్తో తీస్తున్నాడు. వాడిది కుడిచెయ్యి వాటం. మోచెయ్యి లోపలివైపు వేలితో నొక్కగానే మొహం తిప్పుకున్నాడు.

ఆ వయసులో ఎముక ఎదిగే చోటు ఇంకా మెత్తగానే ఉంటుంది. ప్రతి పిచ్‌కూ, అంటే విసిరే ప్రతి బంతికీ, మోచేతి లోపలివైపు లాగుడు పడేది అక్కడే. అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2006లో కుర్ర పిచర్ల మీద చేసిన అధ్యయనంలో, చెయ్యి అలిసిపోయాక కూడా తరచూ వేసినవాళ్లకు ఆపరేషన్ దాకా పోయే ముప్పు 36 రెట్లు ఎక్కువని తేలింది. చూడండి, అక్కడ లెక్క అలసటది, నొప్పిది కాదు.

అలసట బయటికి కనిపిస్తుంది. ముందు కాళ్లు పోతాయి, అడుగు చిన్నదవుతుంది. మోచెయ్యి భుజం కంటే కిందికి జారుతుంది. బంతులు క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) నెత్తి మీదుగా పోవడం మొదలవుతాయి. పిచ్‌కూ పిచ్‌కూ మధ్య మట్టి తొక్కుతూ, టోపీ సర్దుకుంటూ కాలయాపన చేస్తాడు, చెయ్యి విదిలిస్తాడు. వీటిలో ఏ రెండైనా కలిసి కనిపిస్తే నేను స్కోరు చూడను, తీసేస్తాను. సున్నా పరుగులిచ్చినా సరే.

అపోహ: పిచ్‌ల లెక్క పరిమితి లోపల ఉంటే ఏమీ కాదు.

అమెరికాలో కుర్ర పిచర్ల కోసం పెట్టిన పిచ్ స్మార్ట్ మార్గదర్శకాల ప్రకారం రోజుకు 11-12 ఏళ్లవాళ్లకు 85 పిచ్‌లు, 13-16కు 95, 17-18కు 105. ఇది గరిష్ఠం. "ఇంకా ఇరవై ఉన్నాయి గదా" అని వాడేసుకోవడానికి కాదు. 15-16 ఏళ్లవాడు 75 దాటితే 4 రోజులు విశ్రాంతి కావాలి. మన టోర్నమెంట్లు మొత్తం కలిపినా అన్ని రోజులు జరగవు. అంటే ఒక పిచర్‌తో కప్పు కొట్టాలనుకునేవాళ్లు ముందే తప్పు లెక్కతో బస్సెక్కుతున్నారు. అనంతపురం ఎండలో నేనైతే అంతదాకా కూడా రానివ్వను.

అపోహ: ముందే తీస్తే ఓడిపోతాం.

యూట్యూబ్ చూసే ఒకాయన నన్ను పట్టుకున్నాడు: "2020 వరల్డ్ సిరీస్‌లో (అమెరికా లీగ్ ఫైనల్స్) టాంపా బే వాళ్లు తమ పిచర్ స్నెల్‌ను 73 పిచ్‌లకే తీసి ఓడిపోలేదా?" నిజమే, టాంపా బే ఆ మ్యాచ్ 3-1తో ఓడింది. అయితే 2003లో బోస్టన్ వాళ్లు తమ పిచర్ పెడ్రో మార్టినెజ్‌ను ఎనిమిదో ఇన్నింగ్స్‌లో తీయకుండా ఉంచి 5-2 ఆధిక్యం పోగొట్టుకున్నారు, మేనేజర్ ఉద్యోగమూ పోయింది. ఫలితం చూశాక నిర్ణయాన్ని తూచడం ఎవరికైనా తేలికే. పైగా టాంపా బే వాళ్లది బ్యాటర్ మూడోసారి ఎదురైతే పిచర్‌ను చదివేస్తాడన్న లెక్క. నాది పిల్లోడి మోచెయ్యి.

మిగతావి గబగబా. కర్వ్‌బాల్ (గాల్లో వంపు తిరిగే బంతి) వల్లే మోచెయ్యి పోతుందా? అలసట చేసినంత హాని అది చేస్తుందని పరిశోధనలు తేల్చలేదు. అయినా మీసాలు మొలిచేదాకా నేను నేర్పను. తీశాక క్యాచర్‌గా పెడితే విశ్రాంతేనా? కాదు, క్యాచర్ కూడా మ్యాచంతా విసురుతూనే ఉంటాడు. టామీ జాన్ ఆపరేషన్ (మోచేతి లిగమెంటుకు చేసేది) చేయించుకుంటే వేగం పెరుగుతుందా? వట్టి పుకారు. కోలుకోవడానికే ఏడాది పైన పడుతుంది. పుత్తూరు కట్టు? విరిగిన ఎముక సంగతి మీ ఇష్టం. మోచెయ్యి లోపలివైపు నొప్పి తగ్గకపోతే మాత్రం ఎముకల డాక్టరు దగ్గరికే పోండి, ఎక్స్‌రే తీయించండి.

పిల్లోడి చెయ్యి గురించి టెన్షన్ పడుతున్న తల్లిదండ్రులు నా పక్కనే కూర్చోవచ్చు. పిచ్‌లు రాసుకునే నోటుబుక్కు దాచేది కాదు. వచ్చేటప్పుడు ఒక్కటి చెప్పండి: ఈ వారంలో వాడు వేరే టీముకు ఎన్ని వేశాడు? అది నా పుస్తకంలో ఉండదు.