అంకె వేయని హామీ

అమరావతికి కేంద్రం ఇప్పిస్తున్న 15,000 కోట్లు అప్పా, గ్రాంటా? 2024 జులై 23న నిర్మలా సీతారామన్ బడ్జెట్ ప్రసంగంలో ఆ అంకె వినిపించినప్పటి నుంచి సద్దుమణిగినట్టే మణిగి మళ్లీ రాజుకుంటున్న గొడవ ఇది. అంతర్జాతీయ సంస్థల ద్వారా సమకూరుస్తామని ఆమె అప్పుడే చెప్పారు. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) చెరో దాదాపు 80 కోట్ల డాలర్ల రుణాలతో ముందుకొచ్చాయి. రుణమే కదా అంటుంది విపక్షం. విభజన చట్టం ప్రకారం కేంద్రం చేస్తున్న సాయం అంటుంది ప్రభుత్వం. ఇద్దరూ చట్టాన్నే చూపిస్తారు.

2014 ఫిబ్రవరిలో విభజన బిల్లు పార్లమెంటుకు వచ్చినప్పటి పెప్పర్ స్ప్రే, లోక్‌సభలో ఆగిపోయిన ప్రసారాలు అందరికీ గుర్తున్నవే. అసలు ముడి ఆ తర్వాత పడింది. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఆరు అంశాలు చదివారు. వాటిలో జనం నోళ్లలో నానింది ప్రత్యేక హోదా ఒక్కటే. చివరి రెండింటినీ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఉద్యోగులు, నిధులు, ఆస్తి అప్పుల పంపకాలకు కావలసిన సన్నాహం పూర్తయ్యేలా అపాయింటెడ్ డే, అంటే కొత్త రాష్ట్రాలు ఏర్పడే తేదీ, పెడతామన్నది ఒకటి. తొలి ఏడాది, ముఖ్యంగా రాష్ట్రాలకు కేంద్ర నిధుల వాటా తేల్చే 14వ ఆర్థిక సంఘం సిఫారసులు అమల్లోకి వచ్చేలోగా ఏర్పడే వనరుల లోటును 2014-15 రెగ్యులర్ బడ్జెట్‌లో పూడుస్తామన్నది రెండోది.

రెగ్యులర్ బడ్జెట్ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. అంతకు మూడు రోజుల ముందే ఆర్థిక మంత్రి చిదంబరం ఓట్ ఆన్ అకౌంట్, అంటే కొన్ని నెలల ఖర్చులకు సరిపడే తాత్కాలిక బడ్జెట్, పెట్టేశారు. ఎన్నికలు గుమ్మంలో ఉన్నాయి. అంటే మాట ఇచ్చింది ఒకరు, డబ్బు సర్దాల్సింది తర్వాత వచ్చేవారు. పోనీ బిల్లులోనైనా రాశారా అంటే అదీ లేదు. 46వ సెక్షన్‌లో ఉన్నదల్లా, కొత్త ఆంధ్రప్రదేశ్ వనరులను బట్టి కేంద్రం తగిన గ్రాంట్లు 'ఇవ్వవచ్చు' అని. 'ఇవ్వాలి' అని కాదు. ఎంతో అసలే లేదు.

సన్నాహం సంగతీ అంతే. ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి ఫిబ్రవరి 19న రాజీనామా చేశారు. మార్చి 1న రాష్ట్రపతి పాలన వచ్చింది. మే 16న ఫలితాలు, జూన్ 2న రెండు రాష్ట్రాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య జనాభాను బట్టి 58.32, 41.68 నిష్పత్తిలో లెక్కలు తేల్చాల్సిన మూడు నెలలూ గవర్నరు, అధికారులే నడిపారు. లోటెంతో చెప్పి ఢిల్లీలో కూర్చుని అడగడానికి ఎన్నికైన ప్రభుత్వం లేదు.

అడిగేసరికి ఏం జరిగిందో చూడండి. 2014 జూన్ 2 నుంచి 2015 మార్చి 31 దాకా కొత్త రాష్ట్రం రెవెన్యూ లోటు 16,078.76 కోట్లని ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ తేల్చింది. కేంద్రం అందులోంచి రైతు రుణమాఫీ, 200 నుంచి 1,000 రూపాయలైన పింఛన్ల వంటివి తీసేసి, లోటు 4,117.89 కోట్లేనంది. కొత్త పథకాల ఖర్చుకు విభజనతో సంబంధమేమిటన్నది దాని వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఈ గీత ఖర్చయ్యాక గీసింది. ఫలానావి లెక్కలోకి రావని 2014 ఫిబ్రవరిలో ఎవరూ చెప్పలేదు. రాజధాని నగరం, దానితో వచ్చే పన్నుల రాబడి పక్క రాష్ట్రానికి వెళ్లాక, పాత ఖర్చేదో కొత్త ఖర్చేదో విడదీసి చూపమనడం కాస్త విడ్డూరమే.

2,303 కోట్లు, 500 కోట్లు, 1,176.50 కోట్లు: మూడు విడతల్లో వచ్చింది 3,979.50 కోట్లు. ఇక మిగిలింది 138.39 కోట్లేనని కేంద్రం ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది. అలా చెప్పిన కేంద్రమే 2023 మేలో ఒకేసారి 10,460.87 కోట్లు విడుదల చేసింది. అప్పటికి రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, ఢిల్లీలో మారలేదు. కాగ్ అంకెతో పోలిస్తే ఇంకా 1,638.39 కోట్లు తక్కువే.

రాజధానిదీ ఇదే కథ. 2015 అక్టోబర్ 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపనకు ప్రధాని మోదీ పార్లమెంటు ప్రాంగణం మట్టి, యమున నీళ్లు తెచ్చారు. వాటి మీద వచ్చిన వెటకారాలు ఇప్పటికీ చెల్లుతున్నాయి. కేంద్రం తొలి ఏళ్లలో ఇచ్చిన 2,500 కోట్లలో 1,000 కోట్లు విజయవాడ, గుంటూరు పనులకే పోయాయి.

తెలంగాణకూ ఈ రాతతో పేచీ ఉంది. ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం, రాష్ట్రంలో రైల్వే కోచ్ ఫ్యాక్టరీ, రెండింటికీ విభజన చట్టం 13వ షెడ్యూలులో సాధ్యాసాధ్యాలు పరిశీలించాలన్నారే గానీ కట్టాలని అనలేదు. కడప ఉక్కుకూ అదే మాట.

చట్టంలో 94(3) సెక్షన్ ఒక్కటీ కాస్త గట్టిది. కొత్త రాజధానిలో రాజ్‌భవన్, హైకోర్టు, సచివాలయం, శాసనసభ, మండలి వంటి వాటికి కేంద్రం ప్రత్యేక ఆర్థిక సాయం 'అందించాలి' అంటుంది. సాయం అంటే గ్రాంటా, రుణం ఇప్పించడమా అన్నది అందులో లేదు. ఆ ఖాళీలోకే ఇప్పుడు 15,000 కోట్లు వచ్చి కూర్చున్నాయి.