నడిస్తే కడుపు పోతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన నెల గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకావిడ కూతుర్ని, గర్భిణులకి వ్యాయామాలు నేర్పే నా దగ్గరికి తీసుకొచ్చింది. అమ్మాయికి ఏడో నెల, నడుం నొప్పి. కుర్చీలోంచి లేవమంటే చేతులు ఆనించి రెండుసార్లు తంటాలు పడి మూడోసారికి లేచింది. వయసు ఇరవై నాలుగు! "మంచం దిగనివ్వడం లేదండీ, మంచినీళ్లు కూడా నేనే అందిస్తున్నా" అంది తల్లి. డాక్టరు గారు బెడ్ రెస్ట్ రాశారేమో అని ఫైలంతా తిప్పాను. ఎక్కడా లేదు. పక్కింటావిడ చెప్పిందట. తిడదామనుకునేలోపు "మొదటిది రెండో నెల్లోనే పోయిందండీ" అని కళ్లు తుడుచుకుంది. ఇంకేం తిడతాను?

అపోహ: కదలకుండా పడుకుంటే కడుపు నిలుస్తుంది.

వాస్తవం: పడుకోబెట్టి నిలబెట్టలేం. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో సగం దాకా పిండంలో క్రోమోజోముల తేడా వల్లే పోతాయి. మెట్లెక్కినందుకు కాదు. నెలల తరబడి మంచం మీదుంటే తొడల్లో, నడుంలో బలం పోతుంది, పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. రేపు నొప్పులొస్తే గంటలకొద్దీ ఓర్చుకోవాల్సింది ఆ ఒళ్లే కదా. ఇబ్బందులేమీ లేని గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంటే వారానికి ఐదు రోజులు, అరగంట నడక. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ కొలత. మన ఎండలకి తెల్లారగట్లే నడవండి, మే నెలలో హాల్లోనే తిరగండి.

మాయ కిందికి ఉన్నా, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేసినా, బ్లీడింగ్ కనిపించినా, ఉమ్మనీరు పోతున్నా, బీపీ బాగా పెరిగినా ఇదంతా మీకు కాదు. మీ డాక్టరు మాటే వినండి.

చేతులు పైకెత్తితే పేగు బిడ్డ మెడకు చుట్టుకుంటుందా? చుట్టుకోదు. బట్టలు ఆరేసుకోండి.

బటర్‌ఫ్లై (కూర్చుని అరికాళ్లు రెండూ కలిపి మోకాళ్లు సీతాకోకచిలుక రెక్కల్లా ఆడించే వ్యాయామం) చేస్తే నార్మల్ డెలివరీ గ్యారంటీయా? ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. రోజూ నేర్పే నాకే బిడ్డ అడ్డంగా ఉండి సిజేరియన్ అయింది. "ఊరందరికీ వ్యాయామాలు చెప్పి నువ్వే కోత పెట్టించుకున్నావు" అని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. మర్నాడు మంచం మీంచి నా అంతట నేను లేచిన సంగతి మాత్రం ఆవిడకి గుర్తుండదు.

ఆ అమ్మాయికి కుర్చీలోంచి లేచి కూర్చోవడమే నేర్పాను, పూటకి ఐదుసార్లు. మూడు వారాలకి చెయ్యి ఆనించకుండా లేచింది. తల్లి మాత్రం మంచినీళ్ల సీసా పట్టుకుని పక్కనే నిలబడింది.